మూడో కౌంటరు

నల్లబల్ల మీద నిన్నటి వడ్డీ లెక్క సగం చెరిపేసరికే ఆమెకు ఆయాసం వచ్చింది. బల్ల అంచు పట్టుకుని కాసేపు నిలబడి, మిగతా సగం నెమ్మదిగా చెరిపింది. వేసవి సెలవులకు ఖాళీ అయిన బడి అది. మెకానిక్ షెడ్లలో, కుట్టు దుకాణాల్లో పనిచేసే పేదింటి పిల్లలకు అక్కడ డబ్బు జాగ్రత్త చేసుకోవడం నేర్పే శిబిరం పెట్టారు. పాఠం చెప్పడానికి బ్యాంకులో రిటైరైన ఆమెను పిలిచారు.

ఉద్యోగమంతా ఆమెకు మూడో కౌంటరులోనే గడిచింది. మేనేజర్లు వచ్చారు, పోయారు; అద్దం వెనక ఆ ముఖం మాత్రం మారలేదు. పేరు గుర్తులేనివాళ్ళు "మూడో కౌంటరు ఇవాళ రాలేదా?" అని అడిగేవాళ్ళు. నోట్లు తిప్పీ తిప్పీ బొటనవేలు నున్నగా అరిగిపోయింది. ఇంటికొస్తే ఆమె ఒక తమ్ముడికి అక్క. తండ్రి పోయాక తమ్ముణ్ణి చదివించింది, పెళ్ళి చేసింది, వాడు మొదలుపెట్టి ముంచిన ప్రతి వ్యాపారానికీ పెట్టుబడి సర్దింది. తన పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా వాడి ఫీజేదో కట్టాల్సి వచ్చేది. తర్వాత్తర్వాత ఆ మాట ఎత్తేవాళ్ళే లేకపోయారు.

ఆ రోజు పాఠం, అడిగినవాళ్ళకు లేదని చెప్పడం. టైర్ల షాపు కుర్రాడు మేనమామ వేషం కట్టాడు. చొక్కాలకు గుండీలు కుట్టే అమ్మాయి జీతం అందుకుని వస్తున్నట్టు నటించాలి.

"ఏమే కోడలా, మామయ్య మొహం ఎలా పీక్కుపోయిందో చూడవే!" అంటూ వాడు పొట్ట పట్టుకుని కుంటుతూ వచ్చాడు.

"ఆకలేస్తే కుంటుతారట్రా?" అని వెనక బెంచీ అరిచింది. గది గదంతా నవ్వింది.

గుండీల పిల్ల మాత్రం నవ్వలేదు. నోరు తెరిచింది, మూసింది, చివరికి ఉత్త గుప్పెట వాడి చేతిలో విప్పేసింది.

"లేదంటే మామయ్య ఏడుస్తాడు మేడం. నేను చూడలేను."

"ఏడవనీ. ఏడిస్తే ఎవరూ చచ్చిపోరు," అందామె. అన్నాక, ఆ మాట తన నోటే వచ్చిందా అని తనే విస్తుపోయింది.

మధ్యాహ్నం వరండాలో ఫోను మోగింది. తమ్ముడు.

"అక్కా, నీ డిపాజిట్టు ఒక్కటి తీసిస్తే గట్టెక్కేస్తా. ఇదే ఆఖరు, నీమీద ఒట్టు."

అది ఆమె గుండె ఆపరేషనుకి దాచుకున్న డబ్బు. డాక్టరు చెప్పి చాలా కాలమైంది. వాడు కంగారుపడతాడని చెప్పలేదు.

"లేదురా," అంది.

ఆ మాట ఆమె నోట వాడెప్పుడూ వినలేదు.

"అక్కా... ఒంట్లో బాగోలేదా?"

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బాగోలేదురా. గుండెకి ఆపరేషను చేయించుకోవాలి. ఆ డబ్బు దానికి."

"నాకెందుకు చెప్పలేదే?" వాడి గొంతు చిన్నపిల్లాడిదైపోయింది.

"నువ్వు ఊపిరి పీల్చుకుంటే కదా, నేను మాట్లాడేది!"

"సాయంత్రం వస్తాను. నేనే ఆస్పత్రికి తీసుకెళ్తాను."

"రా. ఊరికే రా," అంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో గుండీల పిల్ల.

"లేదన్నాక మీరు గుటక మింగారు మేడం."

"మింగుతాం. మాట మాత్రం మింగకూడదు."

సాయంత్రం పిల్లలను కాస్త ముందే వదిలేసింది. గొడుగు కిటికీ ఊచకు తగిలించి, తమ్ముడి కోసం కుర్చీలో కూర్చుని, గోడకు తల ఆనించింది. కిటికీలు వేయడానికి వచ్చిన వాచ్‌మన్, పాపం అలిసిపోయిందనుకుని చప్పుడు కాకుండా రెక్కలు మూసి వెళ్ళాడు.

తమ్ముడు వచ్చి "అక్కా," అని పిలిచాడు. నిద్రలో ఉందనుకున్నాడు. ఆస్పత్రికి బయల్దేరదీయాలని కింద కూర్చుని, జారిపోయిన చెప్పు ఆమె కాలికి తొడగబోయాడు. పాదం చల్లగా తగిలింది. చెప్పు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

మర్నాడు పిల్లలు వచ్చారు. వాచ్‌మన్ చెప్పింది విని, వెళ్ళిపోకుండా ఎవరి బెంచీలో వాళ్ళు కూర్చున్నారు. కిటికీ ఊచకు ఆమె గొడుగు వేలాడుతోంది. రంగు వెలిసిన నల్ల గొడుగు. విరిగిన పుల్ల ఒకదాన్ని ఆమె ఎప్పుడో తెల్ల దారంతో గట్టిగా, పొందికగా కట్టుకుంది.