హంతకుడు మొదటి పేజీలోనే

చూపు పోయాక ఆయన మాటలు కూడా తగ్గించేశాడు. బతుకంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. మందు సీసా మీది చీటీలోనూ అక్షరదోషం పట్టుకునే అలాంటివాళ్ళతో కాపురం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అంతటి మనిషి గోడవైపు తిరిగి కూర్చుంటే ఆవిడ ప్రాణం ఉసూరుమనేది. ఆయన నోట మళ్ళీ నాలుగు మాటలు వినాలి, అంతకు మించి ఆవిడకు కోరిక లేదు.

బట్టలు కుట్టి ఇల్లు నడిపిన ఆవిడకు పుస్తకాల ఊసే పట్టదు. అయినా పంతం పట్టి స్కానర్ కొన్నది. ఆయనకిష్టమైన డిటెక్టివ్ నవలల కుట్లను తన కత్తెరతోనే విప్పి, విడి కాగితాల కట్టను అందులో పెట్టేది. యంత్రం పేజీల్లోని అక్షరాలను ఏరి ఇస్తే కంప్యూటర్ చదివేది. ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినేవాడు. రాత్రి భోజనాల దగ్గర కథంతా పూసగుచ్చినట్టు చెప్పేవాడు. కంచంలో చెయ్యి ఎండిపోతున్నా ఆవిడ లేచేది కాదు.

ఒకరోజు ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి. కొత్త నవల స్పీకర్‌లో మోగింది. ఆవిడ బొత్తాలు కుడుతూ చెవి ఒగ్గింది. కథ మొదలవుతూనే హంతకుడికి బేడీలు పడ్డాయి. ఆ తరువాత వాడి మీద అనుమానం మొదలైంది. మధ్యాహ్నానికల్లా చచ్చినవాడు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

లేచి వెళ్ళి చూస్తే సంగతి తెలిసింది. యంత్రం కాగితాలను కట్ట అడుగు నుంచి లాక్కుంటోంది. చివరి పేజీ ముందు, మొదటి పేజీ చివర. ఇన్నాళ్ళూ అంతే. ఆవిడకు తల కొట్టేసినట్టయింది. తన మీద జాలితో విన్నట్టు నటించాడేమోనన్న అనుమానం మనసును పిండేసింది.

"అన్ని పుస్తకాలూ ఇలా వెనక నుంచే విన్నారా? ఒక్క మాట చెప్పొచ్చుగా. నేను నొచ్చుకుంటాననా?"

"మొదట్లో అందుకే చెప్పలేదు," అన్నాడాయన. "తర్వాత నా కోసమే చెప్పలేదు. పేజీ చివర తెగిన వాక్యాన్ని వెతికి అతికించుకోవాలి. నీకు చెప్పేలోపు అంతా సరిచెయ్యాలి. కళ్ళు పోయాక నాకు దొరికిన పని అదొక్కటే. అదీ నువ్వే చేసేస్తే నేనేం చెయ్యను?"

ఆవిడకు ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. ఇంకో నవల కుట్లు విప్పింది. పేజీలను వరసగానూ పెట్టలేదు, తిరగేసీ పెట్టలేదు. పేకముక్కల్లా బాగా కలిపింది.

ఆయన చప్పుడు విని ఏం చేస్తున్నావని అడిగాడు.

"మీకు చేతినిండా పని పెడుతున్నాను."

"అయితే ఇవాళ భోజనం కాస్త ఆలస్యంగా పెట్టు," అన్నాడాయన.