ఆదివారం తెల్లబడ్డ సున్నపు గుళిక

నేను ఒక సున్నపు గుళికను. మీరు తాంబూలంలో రాసుకునే సున్నానికి దగ్గరి చుట్టాన్నే. కాస్త కాస్టిక్ సోడా, కాస్త నీరు, చిటికెడు రంగుమందు కలిపి, పెసరగింజంత చేసి, సోడాలైమ్ అని దొరల పేరొకటి తగిలించారు. నాలాంటి వేలమందిమి పలాస దగ్గర ఒక చిన్న ఆసుపత్రిలో, మత్తు యంత్రానికి బిగించిన ప్లాస్టిక్ డబ్బాలో కాపురముండేవాళ్లం.

మా పని చెబితే నమ్మరు. మత్తులో ఉన్న మనిషి వదిలిన ఊపిరి గొట్టం గుండా మా దగ్గరికొస్తుంది. అందులోని బొగ్గుపులుసు వాయువును మేం పట్టేసుకుంటాం. మిగిలిన ప్రాణవాయువూ మత్తుమందూ మళ్లీ ఆ మనిషిలోకే పోతాయి. పట్టుకున్నదేమో మాలో సుద్దరాయిగా మారుతుంది. ఊపిరి రాయి కావడమంటే మాటలా! అప్పుడు మా ఒళ్లు వెచ్చబడుతుంది, డబ్బా లోపల చెమ్మ పడుతుంది. ఎన్నిసార్లు జరిగినా నాకు ఒళ్లు జలదరించేది. సత్తువ అయిపోయాక తెలుపు పోయి ఊదారంగుకు తిరుగుతాం. 'మమ్మల్ని మార్చండి' అని చెప్పడానికి మాకున్న దారి అదొక్కటే.

ఆ శనివారం సాయంత్రానికి నేను నిలువెల్లా ఊదా. టెక్నీషియన్ పైడిరాజు అటు చూడకుండానే తాళమేసి పోయాడు. ఆదివారమంతా ఊరికే ఉన్నామా, మా రంగు కాస్తా వెనక్కి పోయింది! సోమవారానికి ముగ్గుపిండిలా తెల్లగా ఉన్నాం. లోపల సత్తువ మాత్రం లేదు.

"తెల్లగానే ఉన్నాయి మేడమ్, మార్సక్కర్నేదు" అన్నాడు పైడిరాజు, మత్తు డాక్టరు సువర్చలతో. తెలుపంటే మనుషులకు ఎంత నమ్మకమో!

బల్ల మీద సూరీడమ్మ. జీడిపిక్కలు కొట్టి నల్లబడిన వేళ్లు, మెడ మీద గడ్డ. సువర్చల చెయ్యి పట్టుకుని, "నెలాకరికి నా కూతురు పురిటికొస్తాది. నన్ను లేపడం మర్సిపోకండమ్మా" అని, నిద్రలోకి జారిపోయింది.

ఆవిడ ఊపిరి వచ్చింది. పట్టుకోబోయాను. చేతకాలేదు. ఆవిడ వదిలిందే మళ్లీ ఆవిడలోకి పోతోంది. ఇలాగే సాగితే అది ఒంట్లో పేరుకుని గుండె లయ తప్పుతుంది. అయ్యో, నోరుంటే అరిచేదాన్ని! యంత్రం తెర మీద ఆ వాయువును చూపే గీత ఒకటుంది; గాలి పీల్చినప్పుడల్లా అడుగుకు దిగాల్సిన ఆ గీత దిగడం మానేసింది.

సువర్చల గొట్టాలన్నీ తడిమి చూసింది. తర్వాత వంగి, మా డబ్బాకు అరచెయ్యి ఆనించింది.

"ఇదేంటి, చల్లగా ఉంది?"

"తెల్లగానే ఉన్నాయి కదండీ..."

"తెల్లనివన్నీ పాలేనా? కొత్త డబ్బా తియ్యి, తొందరగా!" అంటూనే ప్రాణవాయువు ధార పెంచింది. పైడిరాజు నిమిషంలో మమ్మల్ని ఊడదీసి కొత్తవాళ్లను బిగించాడు. గీత మెల్లమెల్లగా అడుగుకు దిగింది. ఎంత నేర్చిన అరచెయ్యి! చేతులుంటే దానికి దండం పెట్టేదాన్ని.

నన్ను చెత్త సంచిలో పోశారు. దాని మూతి ఇంకా కట్టలేదు. ఆపరేషన్ ముగిసి, గొంతులోని గొట్టం తీయగానే సూరీడమ్మ దగ్గింది.

"లేపీసినారా అమ్మా?"

"లేపేశాం. గట్టిగా ఊపిరి తీసి వదులు."

తీసింది. వదిలింది. ఆ ఊపిరి ఏ గొట్టంలోకీ రాలేదు, ఏ గుళికనూ వెతుక్కోలేదు. హాయిగా గది గాలిలో కలిసిపోయింది.