లాంతరు పాట అసలు వేగం

అన్న పోయినా ఆవిడ ఏడవలేదు. ఏడవనని ఒట్టేమీ పెట్టుకోలేదు, రాలేదంతే. పన్ను పీకే ముందు డాక్టరు సూది వేస్తే చెంప మనదే అయినా మనది కానట్టుంటుంది చూడండి, ఆవిడకి ఒళ్ళంతా అలా ఉంది. వచ్చినవాళ్ళకి కాఫీలు కలిపింది, కుర్చీలు వేసింది, వెళ్ళేవాళ్ళ చెప్పులు వెతికి ఇచ్చింది. ఎవరి పెళ్ళిలోనూ అంత ఓపిగ్గా తిరిగి ఎరగదు. అది చూసి వదినకి ఒళ్ళు మండింది.

"తోడబుట్టినవాడు కదమ్మాయ్! ఒక్క చుక్కైనా రాలదేం నీకు? రాయైనా చెమరుస్తుంది," అంది నలుగురిలో.

నలుగురూ తలలూపారు. ఆవిడ కూడా ఊపింది. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు మరి.

కానీ తర్వాత భయం పట్టుకుంది. నిజంగానే రాయైపోయానా? తేల్చుకోవాలనుకుంది. దానికి తగిన పరీక్ష లాంతరు పాట. చిన్నప్పుడు అన్నాచెల్లెళ్ళిద్దరూ సూది అరిగేదాకా విన్న పాట అది. దానికీ కరగకపోతే ఇక దేనికీ కరగననుకోవచ్చు. చిక్కేమిటంటే ఆ రికార్డు ఇప్పుడు లేదు. ఎప్పుడో ఇల్లు మారినప్పుడు వదిన దాన్ని ప్లేయరుతో సహా పాత సామాన్లవాడికి తూకానికి వేసేసింది. అందుకని ఆవిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని పాత రికార్డులమ్మే షాపుకి బయల్దేరింది.

ఆ షాపు దర్జీ కొట్టు కింద, నాలుగు మెట్లు దిగితే ఉంది. పైన మిషను తొక్కినప్పుడల్లా కింద బల్బు వణికేది. ఉన్న ఒక్క స్టూలునీ మొగుడు ఆక్రమించేశాడు. షాపాయన ఏ రికార్డు తీసినా అంచులు మాత్రమే అరచేతులకి ఆనేలా, అప్పుడే నీళ్ళు పోసిన పసిపిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. ఆవిడ అట్టపెట్టెల్లోని రికార్డులు ఒక్కొక్కటే వంచి చూసింది. ఒకప్పుడు పడి చచ్చిన పాటలన్నీ ప్లాస్టిక్ తొడుగుల్లో నిలబడి ఉన్నాయి. బస్టాండులో దూరపు చుట్టాలు కనబడ్డట్టే ఉంది. అందరినీ గుర్తుపట్టింది, ఎవరినీ పలకరించబుద్ధి కాలేదు.

లాంతరు పాట దొరికింది. షాపాయన తుడిచి పెట్టాడు.

"ఇది కాదండీ," అంది ఆవిడ.

"ఇదేనమ్మా. అట్ట చూడండి."

"అట్ట అదే. గొంతే వేరు. మా గాయకుడిది సన్న గొంతు, చెంగుచెంగున పోతాడు. ఇతనెవరో కడుపునిండా తిని పడుకోబోతూ పాడినట్టున్నాడు."

షాపాయన ఇంకో కాపీ వెతికి పెట్టాడు. అందులోనూ ఆ నిద్రమొహమే పాడాడు.

"ఏమోయ్, పెళ్ళిచూపుల్లో నన్ను కూడా ఇన్ని వంకలు పెట్టి చూడలేదు నువ్వు," అన్నాడు మొగుడు స్టూలు మీంచి.

"చూడాల్సింది," అంది ఆవిడ. షాపాయన వైపు తిరిగి, "రేడియోలో కూడా ఇలాగే ఈడ్చేవారండీ. వాళ్ళకి నిద్రమత్తు వదల్లేదనేవాడు మా అన్నయ్య. నేను కాలేజీ పోటీలో ఈ పాట పాడితే, పాటని కుక్కలు తరుముతున్నాయా అమ్మా అన్నాడు జడ్జి. ఆయనకి చెవుడని తేల్చేశాం," అంది.

షాపాయన మీసంలో నవ్వు కదిలింది. "మీ ప్లేయరుని ఎవరైనా రిపేరు చేశారామ్మా?"

"అన్నయ్యే చేశాడు. బెల్టు జారిపోతోందని మోటారు ఇరుసుకి ప్లాస్టరు చుట్టాడు. గాయాలకి వేస్తామే, ఆ ప్లాస్టరు."

"ఎన్ని చుట్లు?"

"జారడం మానేదాకా."

"అదీ సంగతి. చుట్టేకొద్దీ ఇరుసు లావెక్కుతుంది, పైన పళ్ళెం జోరుగా తిరుగుతుంది. ఊరందరూ పాట విన్నారమ్మా, మీ ఇంట్లో దాన్ని పరిగెత్తించారు."

మొగుడు పకపకా నవ్వి, పెళ్ళాం మొహం చూసి సగంలో మింగేశాడు.

షాపాయన ప్లేయరు పక్కనున్న చిన్న మీటని పైకి జరిపాడు. పాట లేచి కూర్చుంది. గొంతు సన్నబడింది, తబలా ఉరికింది. ఇదే, అక్షరాలా ఇదే. ఆవిడ చేతులు కట్టుకుని నిలబడి, రావలసిన బస్సు కోసం చూసినట్టు ఎదురుచూసింది. మొగుడు ముందుజాగ్రత్తగా జేబురుమాలు తీసి పట్టుకున్నాడు. పాట అయిపోయింది.

"ఏమైనా..." అన్నాడు మెల్లిగా.

"పాట బాగుంది," అంది ఆవిడ. ఆయన రుమాలు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

గీతలేమైనా ఉన్నాయేమో చూద్దామని షాపాయన మీటని కిందికి లాగి, పాట మళ్ళీ పెట్టాడు. అంతలో ఆవిడ ఫోను మోగింది. వదిన.

"బీరువా సర్దుతున్నానమ్మాయ్. మీ అన్నయ్య చొక్కాలు మీ ఆయనకి సరిపోతే ఉంచుతా, లేదంటే ఎవరికైనా..." మాట ఆగింది. "ఏంటా పాట?"

"లాంతరు పాట, వదినా. రికార్డుల షాపులో ఉన్నాను."

"అదా లాంతరు పాట? ఎవడు వాడు, వారం నుంచి తిండి లేనట్టు పాడుతున్నాడు! సరిగ్గా పెట్టమని చెప్పు. మీ అన్నయ్య పాటని అలా సాగదీస్తుంటే వింటూ ఊరుకున్నావా నువ్వు?"

ఆవిడ ఫోను చెవి దగ్గర్నుంచి తీసి ఒకసారి చూసింది. ఊరందరికీ సరిగ్గా వినబడే ఆ పాట ముగ్గురికే తప్పుగా వినబడేది. ఇప్పుడు ఇద్దరికే. ఆ రెండోది వదిన!

"ఒక్క నిమిషం ఉండు వదినా," అని షాపాయనకి మీట చూపించింది. పాట పరుగందుకుంది. ఫోను స్పీకరు దగ్గర పెట్టి పట్టుకుంది.

"ఆఁ, అదీ," అంది వదిన.

పాట అయిపోయాక, "ఇంకోసారి పెట్టించు. ఆయనెప్పుడైనా ఒక్కసారితో ఊరుకున్నాడా?" అని వినిపించింది.

రెండోసారి వదిన ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు పాట మధ్యలో వినబడుతూనే ఉంది. మూడోసారికి అదీ ఆగి, ఊపిరి మాత్రం వినబడింది. ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. చాచి పట్టుకున్న చెయ్యి మాత్రం భుజం దగ్గర్నుంచి లాగడం మొదలుపెట్టింది.

మొగుడు స్టూలు దిగి వచ్చాడు. "ఇలా ఇవ్వు, కాసేపు నేను పట్టుకుంటా."

ఆవిడ ఇవ్వలేదు, చెయ్యి మార్చుకోనూ లేదు. నొప్పి మోచేతి దాకా దిగింది.

"మళ్ళీ పెట్టండి," అంది షాపాయనతో.