రేపటికి ఎంత ఇవ్వగలను

"ఈరోజైనా మీ బాస్‌ని అడుగుతావా, నన్నే మాట్లాడమంటావా?" అన్నాడు మా ఆయన, నేను ఇస్త్రీ చేసిచ్చిన చొక్కా తొడుక్కుంటూ. అడగాల్సిందల్లా, సాయంత్రం డ్యూటీ నావల్ల కాదు, పగటిపూట కాగితాలు చూసుకునే సీటు ఇప్పించండి అని. "ఆ బటన్లు ఎవరైనా నొక్కుతారు. దీపాలు పెట్టే వేళకి కోడలు లేకపోతే ఇల్లు ఇల్లులా ఉంటుందా?" అని అత్తయ్య అందుకున్నారు. ఊరందరి దీపాలూ ఆ వేళకి వెలగాలంటే నేను అక్కడ ఉండాలి. అది ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అడుగుతానన్నాను. సరే అనడం నా నోటికి అలవాటైపోయింది.

మా కంట్రోల్ రూములో గోడంతా తెర. ఏ క్షణం ఎంత కరెంటు వాడుతున్నారో ఆ క్షణం అంతే తయారవాలి. సాయంత్రమే అసలు గండం. ఎండ దిగి సోలార్ పడిపోతూ ఉంటుంది, సరిగ్గా అప్పుడే ఇళ్ళన్నిట్లో స్విచ్చులు పడతాయి. మిగిలింది గాలిమరలు, గాలి ఏమో ఎవరి మాటా వినదు. అందుకని గ్యాస్‌తో కరెంటు తీసే ఒక యంత్రాన్ని తక్కువ లోడు మీద తిప్పుతూ ఉంచుతాం, పిలిస్తే చాలు అందుకోవడానికి.

"గాలి బాగుంటుందని అంచనా వచ్చిందిగా అమ్మా, ఆ గ్యాసెందుకు దండగ? ఆపించెయ్," అన్నారు బాస్.

"ఇలా ఉక్కపోసిన రోజు ఎండ దిగాక గాలి కాసేపు ఆగిపోతోంది సార్. ఉంచుదాం."

"నీ ఇష్టం. మాటొస్తే నీ మీదకే వస్తుంది," అని ఆయన వెళ్ళిపోయారు.

తెర మీద సోలార్ గీత కిందికి దిగడం మొదలైంది. దానితోపాటే గాలి గీత కూడా. తయారీ, వాడకం సరితూగితే యాభై దగ్గర నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ అంకె జారుతోంది. ఫోన్ మోగింది, మా ఆయన. బోర్లా పెట్టేశాను. మళ్ళీ మోగింది. అడిగావా అనే అయ్యుంటుంది, లేదా అమ్మకి తలనొప్పి అని. నేను రెండో ఫోన్‌లో ఆ యంత్రం ఉన్న గ్యాస్ స్టేషన్‌ని పిలిచి లోడు పెంచమన్నాను.

"పెంచుతున్నాం మేడమ్."

"ఇంకా పెంచండి."

"మేడమ్, ఒక ఏరియాకి సప్లై తీసేద్దామా?" అంది పక్క సీట్లో అమ్మాయి. తీసేస్తే ఎవరింట్లోనో ఫ్యాను ఆగుతుంది, ఏ చిన్న ఆస్పత్రిలోనో చీకటవుతుంది. తీయకుండా నా లెక్క తప్పితే అందరికీ చీకటే. "వద్దు, ఆగు," అన్నాను.

గ్యాస్ గీత లేచింది. జారుతున్న అంకె తడబడి, నిలబడి, మెల్లగా పైకి పాకింది. బయట ఒక్క బల్బు కూడా రెప్ప వేయలేదు.

బాస్ ఫోన్ చేశారు. "చూశావా, ఏం కాలేదు. ఊరికే కంగారుపడ్డావ్."

ఏమీ కాకుండా చూడటమే కదా నా పని. ఇంట్లోనూ అంతే. పాలు పొంగకుండా, మందులు అయిపోకుండా, ఎవరికీ కోపం రాకుండా చూస్తాను. ఏమీ కాలేదు కాబట్టి నేనేమీ చేయనట్టే. ఒళ్ళు మండిపోయింది.

కాసేపటికి గ్యాస్ స్టేషన్ ఇంజినీరు పిలిచాడు. రేపు ఎంత ఇవ్వగలరో ప్రతి స్టేషనూ ముందురోజే మాకు చెప్పాలి. చెప్పినదానికి మించి మేం అడగకూడదు. "రేపు మా యంత్రం లేదనుకోండి మేడమ్. ఆపి చూసుకోవాలి, బాగా వాడేశాం," అన్నాడు. సరేనని రాసుకున్నాను. యంత్రాన్ని ఎవరూ తిట్టలేదు. దాని బదులు ఎవరిని పిలవాలో వెతకడం మొదలుపెట్టాం. రాసుకున్న ఆ మాట మళ్ళీ చదివాను. పెళ్ళయినప్పటి నుంచి రేపు నువ్వు ఎంత చేయగలవని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

డ్యూటీ దిగి ఇంటికి వెళ్ళేసరికి ఇద్దరూ ఖాళీ కంచాల ముందు కూర్చుని ఉన్నారు.

"అడిగావా?" అన్నాడు మా ఆయన.

"లేదు. అడగను." చెప్పులు విప్పి వచ్చి నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "రేపు పొద్దున వంట చేస్తాను. సాయంత్రం నేను లేననుకోండి. ఎల్లుండీ అంతే."

"లేననుకోవడమేంటి?" అన్నారు అత్తయ్య. "మరి సాయంత్రం ఇల్లెవరు చూస్తారు?"

"అందుకే అత్తయ్యా, ముందురోజే చెబుతున్నాను."