శోభనాధ్యాయ నిర్ణయము

మార్తాండుఁడు నడిమింట నిలిచి మహీమండలమును మంగలముగా మాడ్చుచుండ సముద్రుఁడు సయితము సైరింపలేక యుప్పుగాలిని విసనకఱ్ఱగాఁ గొని విసరుకొనుచుండఁ గుక్కలు కుడ్యచ్ఛాయల నాశ్రయించి నాలుకలు వ్రేలవైచియుండ వైశాఖమధ్యాహ్నమున బందరు పట్టణమెల్ల నిద్రావివశమైనట్లుండెను. ఒక్క రంగప్పనాయుఁడుగారి ముద్రాక్షరశాల మాత్రము పెండ్లివారి యెసరువలెఁ గుతకుతలాడుచుండెను. అచట నుడుకుచుండినది సీసము గాదు, శృంగారము!

బాలికాపాఠశాలయం దుపాధ్యాయినియగు పేరిందేవి తన పేరుగల పుస్తకమొకటి కన్నులారఁ జూచుకొనవలయునను నుత్కంఠతో నాలుగేండ్లు శ్రమించి "విద్యుల్లతా వసంతము" అను నవలను రచియించెను. అందుఁ బదునొకండధ్యాయముల యచ్చుకూర్పు ముగిసెను. పండ్రెండవదియగు శోభనాధ్యాయమున బండి కూలఁబడెను. ఏలయన నందామె వ్రాసినది రెండే వాక్యములు: "దంపతులు పడకటింటఁ బ్రవేశించిరి. తలుపు మూయఁబడెను."

ముద్రకును ముద్దునకును నొక్క యొత్తుమాత్రమే భేదమని నమ్మిన నాయుఁడుగారు చిత్తుప్రతిని ఝళిపించి గర్జించిరి.

"ఏమమ్మాయీ! ఆ పిల్లను, ఆ పిల్లవానిని బదునొకండధ్యాయము లడవులఁ ద్రిప్పి యేఱులఁ ద్రోయించి దొంగలచేఁ గట్టించి తీరఁ గలిసిన వేళకుఁ బాఠకుని ముక్కుమీఁదఁ దలుపు వైచితివే! వాఁడు గడియకు దండము పెట్టి పోవలయునా?"

"నాయుఁడుగారూ! ఇది యాఁడుది వ్రాసిన పుస్తకము. ఇంకఁ దెఱచితినేని నా పరువు తెఱచాపయై బందరు రేవున నెగురును."

"పరువము వ్రాయఁబూనినవారికిఁ బరువేమి బరువు! ఇదిగో, ఆ యధ్యాయమును నేనే వ్రాసి యుంచితిని. మూఁడు పుటలు. సాయంకాలమునకు ఫారము బిగించి యంత్రమున కెక్కింపవలయును. నీవు తెఱవవేని నా తాళపుచెవి సిద్ధము."

"మీ మూఁడు పుటలు వచ్చునేని నా పేరు తీసివేయుఁడు."

"తీసివేసెదను. నా పేరు వైచెదను!"

పేరిందేవి ముఖము అచ్చుసిరావలె నల్లనయ్యెను. మఱుక్షణమున నామె కన్నులు మెఱసెను.

"అట్లయిన నొక పందెము. నిత్యము ఈ వేళకు మీ యమ్మగారు మీ చావడిలోఁ బుస్తకము చదువుచుండ వీథిలోని స్త్రీలిరువది మంది విందురు గదా. మన నవలలు చదువువారికన్న వినువారే హెచ్చు. ఎవరిది యేదియో చెప్పక రెండింటిని నామెచేఁ జదివింతము. మెచ్చినదే యచ్చు."

నాయుఁడుగారి మనోవీథియందుఁ బాఠకుఁడనఁగా నొంటిగదిలో మీసము నిమురుకొను యువకుఁడే. తమ మూఁడు పుటలు తమ తల్లి నోట వెడలుట యాయన కలనైనఁ గాంచలేదు. అయినను అచ్చుకూర్పువారందఱు గుడ్లప్పగించి చూచుచుండ వెనుదీయుటెట్లు? ఒప్పుకొని తల్లికిఁ గాగితములు పంపి తాము చావడి తలుపు వెనుక నక్కిరి. పేరిందేవి యొక స్తంభము చాటుఁ జేరెను.

అచ్చు వేయువాని తల్లి యచ్చమ్మ సులోచనములు సవరించుకొని మొదట మూఁడు పుటలు చేకొనెను. ఏనుఁగులును దామరలును హంసలును గుంపులుగా నడచిపోయిన పిమ్మట "వసంతుఁ డొకచేతఁ బ్రియురాలి చుబుకమెత్తి వేఱొకచేత నిమిషార్ధమున వడ్డాణము విప్పెను" అను తావునకు వచ్చి యామె నిలిచెను.

"ఒంటిచేతనా?"

చావడి గొల్లున నవ్వెను. "మా పెండ్లినాఁడు మా యత్తయు నేనును గలసి కొబ్బరినూనె పోసి లాగినఁగాని శీల యూడలేదు పిన్నీ!" అని యొకతె. "అయ్యో! వీఁడు వరుఁడు గాఁడే, కంసాలి!" అని వేఱొకతె. "వ్రాసినవానికిఁ బెండ్లియైనదా?" అని యింకొకతె. తలుపు వెనుక దగ్గు వినవచ్చెను.

అనంతరము పేరిందేవి వాక్యద్వయము చదువఁబడెను. నవ్వు చల్లారి యాగ్రహము రగిలెను.

"అంతేనా? తలుపు మూయుట సరియే. మమ్ము లోపలఁ బెట్టి మూయరాదా!"

పేరిందేవి స్తంభము చాటునుండి గభాలున వెలికి వచ్చి "అది నేను వ్రాసితిని. అట్లనిన నెంత చెప్పవలయునమ్మా? మీరే చెప్పుఁడు!" అని యడిగెను.

అచ్చమ్మ సులోచనములు తీసెను.

"నా శోభనమునాఁటి మాట. పూలజడను నా జడకు సూదితో బిగించి కుట్టిరి. ఆయన బయటికిఁ బోయి కత్తెర యడుగ సిగ్గుపడి గోటితో నొక్కొక్క కుట్టే విప్పుచుఁ గూర్చుండిరి. మొదటి కుట్టునకు వారి చేతులు వణఁకెను. సగమైనప్పటికి వణఁకుట నా వంతయ్యెను. ఆ రాత్రి తక్కినది మఱచితినే తల్లీ. అది మఱవలేదు."

తలుపు వెనుక దగ్గు నిలిచిపోయెను.

పేరిందేవి నేలపైఁ జతికిలఁబడి కలమందుకొనెను. చెమట ముంగురుల నుండి కాగితముపైఁ జినుకుచుండ సిరా యారకమునుపే యచ్చమ్మ పుటలను లాగికొనుచుండ వెనుకవారు ముందువారి భుజములపైఁ బడుచుండ నధ్యాయము పరుగులిడెను.

అచ్చమ్మ చదివెను. "వసంతుఁడు మొదటి కుట్టు నంటెను. కుట్టు విడెను గాని వ్రేలు విడువలేదు. మరువపు రెమ్మ యొకటి విద్యుల్లత యొడిలోఁ బడెను. దాని వెంట నిరువురి చూపులును బడెను. ఇంక నెన్ని కుట్లున్నవని యామె యడుగలేదు. త్వరపడవలయునని యాతఁడు తలఁపలేదు." కుట్టు వెనుకఁ గుట్టుగా మెడ నుండి నడుము దాఁక నా వ్రేళ్లు దిగిన కొలఁది నచ్చమ్మ కంఠమును దిగుచుండెను. కడపటి దారము తెగిన చోట నధ్యాయము ముగిసెను.

నాయుఁడుగారు తలుపు త్రోసికొని వచ్చి యా కాగితములను రెండు చేతులఁ బుచ్చుకొని తల్లి ముఖము చూడలేక చెప్పులు మఱచి యెఱ్ఱని యెండలోఁ బరుగెత్తుచు "నా మూఁడు పుటలు పొయ్యిలోఁ బెట్టుఁడు! ముఖపత్రమునఁ బేరిందేవి పేరు పెద్దక్షరములఁ గూర్పుఁడు!" అని వీథి పొడుగునఁ గేకలు వైచిరి.

చావడిలోఁ దరువాత నేమాయెనని యెవ్వతెయు నడుగలేదు. ఇరువది మంది చేతులును వారికిఁ దెలియకయే వారి వారి జడలమీఁదికిఁ బోయి యచ్చటనే నిలిచియుండెను.