రాగిరేకు మీద చిటికెన వేలు

సిబిల్లా తోలుసంచిలో ముందు ఉన్ని మేజోళ్ళు పెట్టింది. వాటి మీద గుడ్డలో చుట్టిన రొట్టె, పొగబెట్టిన మాంసం. అన్నిటికంటే పైన, నలగకుండా, ఇరవై అచ్చుబొమ్మలు పెట్టాలి. అవి రాగిరేకు మీద చెక్కించి కాగితం మీద అచ్చు తీయించిన, ఆమె భర్త ఆంబ్రోస్ బొమ్మలు.

ఆంబ్రోస్ మోకులు పేనేవాడి కొడుకు. న్యూరెంబర్గ్ బడిలో లాటిన్ పంతులు. ఉత్తరాన ఒక విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఖాళీ అయింది. అక్కడి పెద్దలకు ఉత్తరంతో పాటు తలా ఒక బొమ్మ ఇవ్వాలి. బొమ్మ లేని పండితుణ్ణి గుమ్మం దగ్గరే నిలబెడతారు.

ఆమె ఒకటి తీసి వెలుతురుకు పట్టింది. ముఖం ఆయనదే. బొచ్చు అంచు గౌను ఆయనకు లేదు. బొమ్మల్లో పండితులందరికీ ఉంటుంది. పుస్తకం మీద ఆనించిన చేయి దగ్గర ఆమె చూపు ఆగింది. చిటికెన వేలు చివరి కణుపు దగ్గర లోపలికి వంకరగా ఉంది. పక్క వేలికి ముద్ర ఉంగరం.

"ఏవండీ! ఇది మా నాన్న చెయ్యి!"

ఆంబ్రోస్ బూట్లు తొడుక్కుంటూ తలెత్తలేదు. "ఆయన బొమ్మ చెక్కిన పాత రాగిరేకు చెక్కేవాడి దగ్గర పడుంది. మొహం గీకేసి నాది చెక్కాడు. కొత్తదైతే ఆర్నెల్లు పడుతుంది. ఊళ్ళో అందరూ చేసేదే."

"నాతో ఒక్క ముక్క అన్నారా?"

"అంటే ఇలా గుడ్లప్పగించి చూస్తావనే."

ఆమె చిన్నప్పుడు ఆ వేలు పట్టుకునే చర్చికి నడిచింది. పెద్ద పండితుడైన నాన్న పోయి తొమ్మిదేళ్ళు. ఆ చేయి ఇప్పుడు మొగుడి భుజం నుంచి దిగుతోంది.

"నాన్న శిష్యులు లేని ఊరుందా? ఒక్కరి దగ్గర ఆయన బొమ్మ ఉన్నా పరువు పోతుంది. ఇవి ఇక్కడే వదిలేయండి."

"వదిలేసి, మోకులవాడి కొడుకు వచ్చాడని చెప్పమంటావా? మొహం చూస్తారే పిచ్చిదానా, వేళ్ళెవరు చూస్తారు?"

సంచి తనే బిగించుకుని దిగిపోయాడు.

క్రిస్మస్‌కు ముందు ఆంబ్రోస్ నుంచి ఉత్తరం వచ్చింది. మూడో ఇంట్లోనే ఒక ముసలి ఆచార్యుడు ఆమె తండ్రి బొమ్మ తీసి, రెండూ పక్కపక్కన పరిచాడట. విందుకు వచ్చినవాళ్ళంతా చుట్టూ మూగారట. "మామగారి ఒంటి మీద తల పెట్టుకొచ్చావా నాయనా?" అన్నాడట ఆ ముసలాయన. ఆ మాట ఈపాటికి న్యూరెంబర్గ్ చేరే ఉంటుందని, ఆ వీధుల్లో ఇక తలెత్తలేనని రాశాడు. ఎక్కడికి పోతున్నదీ రాయలేదు.

ఆంబ్రోస్ 1671 అక్టోబరు తొమ్మిదిన బయలుదేరాడు. తిరిగి రాలేదు.