తొమ్మిది నిమిషాలు ముందు

ఆఫీసు కంప్యూటర్లు చూసే దక్షిణామూర్తి హాజరు యంత్రం కింద మోకాళ్ల మీద కూర్చుని మరో తీగ పీకాడు. యంత్రంలో టైము మారలేదు. తొమ్మిది నిమిషాలు ముందే నడుస్తోంది.

అవనిగడ్డ ఆఫీసులో తక్కినవాళ్లు ఊళ్లోవాళ్లే, తొమ్మిదిన్నరకే వస్తారు. తేడా వాళ్లకి తగల్లేదు. ఆఫీసు పదింటికి. హంసలదీవి నుంచి వచ్చే రత్నకుమారి బస్సు పదికి అయిదు నిమిషాల ముందు చేరుతుంది. నెల రోజులుగా ఆమె పేరు పక్కన ఆలస్యమని ఎర్రగీత. ఈ సాయంత్రం ఆఫీసరు హైమవతి గారు సంతకం పెడితే ఆమె కాంట్రాక్టు ఉద్యోగం పోతుంది.

"బస్సు దిగి పరిగెత్తే వస్తున్నానండీ. అదీ ఆలస్యమేనంటే ఇక ఎగరాలి," అంది రత్నకుమారి.

"ఎగరక్కర్లేదమ్మా. ఆ టైము చూస్తూ ఉండు."

యంత్రానికి టైము చెప్పాల్సింది హెడ్డాఫీసు సర్వరు. చెబుతున్నది మరేదో. ఒక్కో తీగా పీకి తగిలిస్తూ రికార్డు గది దాకా వెళ్లాడు. బీరువా వెనక, దుమ్ములో, పాత కంప్యూటరొకటి నడుస్తోంది. దాని తీగ లాగాడు.

"మారిందండీ," వరండాలోంచి రత్నకుమారి కేక.

అతను ఆ కంప్యూటరు మీది దుమ్ము తుడిచాడు. అది ఒకప్పుడు తన బల్ల మీదిదే. బందరు ఆసుపత్రిలో అమ్మ ఎదురు చూసిన సాయంత్రం బస్సు తప్పింది. వెళ్లేసరికి మంచం ఖాళీ. తిరిగి పనిలోకి వచ్చిన రోజే, ఇంకెప్పుడూ బస్సు తప్పకూడదని, ఈ కంప్యూటరు టైము తొమ్మిది నిమిషాలు ముందుకి జరిపాడు. గదిలోని మిగతా కంప్యూటర్లూ దాన్నే అనుసరించేలా అమర్చాడు. పోయిన నెల పాత ఫైళ్ల కోసం మళ్లీ తగిలించి, తీయడం మరిచాడు. హాజరు యంత్రమూ దాని టైమే అందుకుంది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఈరోజే తన రిటైర్మెంటు. కానీ యంత్రం తప్పని ఊరికే అంటే హైమవతి గారు ఒప్పుకోరు.

తప్పు తనదేనని అతను రాసిచ్చిన కాగితం చదివి ఆవిడ కళ్లజోడు తీసింది. "ఇరవై రెండేళ్లలో మీ మీద ఒక్క మాట రాలేదు. వెళ్లేరోజున ఇదెందుకండీ?"

"ఆ తొమ్మిది నిమిషాలు నావండీ. ఆ అమ్మాయివి కావు."

ఆవిడ రత్నకుమారిని తీసేసే కాగితాన్ని నాలుగు ముక్కలు చేసింది.

అయిదింటికి అతను సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు. బస్టాండు చేరేలోపే బందరు బస్సు కదిలి మలుపు తిరిగింది. పరిగెత్తలేదు. బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకోటి వస్తుంది. ఎదురుచూడటం ఇంత తేలికగా ఉంటుందని అతనికి తెలియదు.

మర్నాడు ఉదయం రత్నకుమారి కుర్చీ లాక్కుంటూ కిందికి చూసింది. ఆమె కంప్యూటరు తీగకు, అన్నాళ్లూ 'టెంపరరీ' అనే చీటీ ఉన్నచోట, తెల్లదారంతో కట్టిన కొత్త చీటీ. దక్షిణామూర్తి గుండ్రటి అక్షరాల్లో ఆమె పేరు.